తప్పు చెప్పడం నేర్చుకున్న అంపైర్

2010 జూన్ 2. డెట్రాయిట్‌లోని కమెరికా పార్క్‌లో ఆర్మాండో గలారాగా అనే పిచర్ క్లీవ్‌లాండ్ బ్యాటర్లను వరసబెట్టి 26 మందిని ఔట్ చేశాడు. ఒక్కడు కూడా బేస్ మీదికి చేరలేదు. ఇంకొక్కణ్ని పంపేస్తే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. మేజర్ లీగ్ బేస్‌బాల్ సుదీర్ఘ చరిత్రలో అప్పటిదాకా 20 సార్లే జరిగిన అద్భుతం అది. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ బంతిని నేలబారుగా కొట్టాడు. మిగెల్ కబ్రేరా దాన్ని అందుకుని ఫస్ట్ బేస్ వైపు విసిరాడు. గలారాగా తనే పరుగున వచ్చి, బేస్ మీద కాలు మోపి బంతి పట్టాడు. డొనాల్డ్ అప్పటికింకా బేస్ చేరలేదు. అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ చాచి సేఫ్ అన్నాడు.

మ్యాచ్ అయ్యాక జాయిస్ వీడియో చూసుకున్నాడు. తప్పు తనదేనని ఒప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు ఆటకు ముందు జట్టు జాబితా కాగితాన్ని హోమ్ ప్లేట్ దగ్గరికి తెచ్చి ఆయన చేతికిచ్చింది గలారాగానే. కమిషనర్ బడ్ సీలిగ్ మాత్రం తీర్పు మార్చలేదు. రికార్డుల్లో అది ఇప్పటికీ పిచర్ ఒక హిట్ ఇచ్చిన మ్యాచే.

నేను మిషిగన్‌లో ఉంటాను. కార్లలోకి వెళ్లే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని, బేస్‌బాల్ నాకు మా అబ్బాయి నేర్పాడు. వాడు వీడియో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చునేవాణ్ని. ఒకసారి వాడి రన్నర్ బంతికన్నా ముందే బేస్ తాకాడు, తెర మీద అంపైర్ ఔటన్నాడు. “నాన్నా, ఇది బగ్గా?” అని అడిగాడు. సెట్టింగ్స్ తెరిచి చూస్తే, అంపైర్ ఎంత ఖచ్చితంగా ఉండాలో ఎంచుకునే వీలుంది. అంటే అది ఎవరో కూర్చుని, ఆలోచించి రాసిన తప్పు. నా ఉద్యోగమంతా ప్రోగ్రాంలో తప్పుల్ని పట్టుకోవడం. ఒక మనిషి తప్పును శ్రద్ధగా ప్రోగ్రాంలోకి ఎక్కించాడంటే నాకు దాని వెనకున్న కథ కావాలనిపించింది.

మైదానంలో తప్పు మొదటినుంచీ ఉంది. 1890లలో మ్యాచ్‌కి చాలావరకు ఒకడే అంపైర్. బంతి ఎటు పోతే అటు చూడాలి కనుక ఆయన వీపు వెనక ఏం జరిగినా తెలిసేది కాదు. బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాళ్లు ఆ వీపును బాగా వాడుకున్నారు. జాన్ మెగ్రా థర్డ్ బేస్ దగ్గర నిలబడి, పరుగెత్తబోయే రన్నర్ బెల్టు పట్టుకుని ఆపేవాడని పేరు. కొందరు రన్నర్లు థర్డ్ బేస్‌ను తాకకుండానే అడ్డదారిన హోమ్‌కి చేరేవారు. తర్వాత ఇద్దరు అంపైర్లయ్యారు, ముగ్గురయ్యారు, 1952 నుంచి మామూలు సీజన్ మ్యాచుల్లోనూ నలుగురు నిలబడ్డారు. తప్పు తగ్గించడానికి బేస్‌బాల్ యాభై ఏళ్లకు పైగా చేసిన పని ఇదే, మరికొన్ని కళ్లు తెచ్చి నిలబెట్టడం.

కంప్యూటర్‌లో కథ తలకిందులుగా నడిచింది. అక్కడ అంపైర్ పుట్టడమే సర్వజ్ఞుడిగా పుట్టాడు.

1961లో జాన్ బర్జసన్ అనే ఐబీఎం ఉద్యోగి ఐబీఎం 1620 యంత్రం మీద బేస్‌బాల్ మ్యాచ్ నడిపే ప్రోగ్రాం రాశాడు. యంత్రం లోపల యాదృచ్ఛిక సంఖ్యలు పుడతాయి, ఆటగాళ్ల గణాంకాలతో కలుస్తాయి, కాగితం మీద ఫలితం అచ్చవుతుంది. పదేళ్లకు, 1971లో, కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో డాన్ డాగ్లో అనే విద్యార్థి పీడీపీ-10 కంప్యూటర్ మీద మనిషి స్వయంగా నిర్ణయాలు తీసుకుంటూ ఆడగలిగే బేస్‌బాల్ రాశాడు. ఈ ఆటల్లో బంతి లేదు, బేస్ లేదు, బేస్ తాకే కాలూ లేదు. ‘ఔట్’ అన్న మాట అచ్చయితే ఔటే. ఆ మాటకు వెనక దానితో పోల్చి చూడదగ్గ సంఘటన ఏదీ జరగలేదు కనుక తప్పుకు తావు లేదు.

1980లో మాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ అనే గేమ్ యంత్రం మీద డేవిడ్ రోల్ఫ్ చేసిన మేజర్ లీగ్ బేస్‌బాల్ వచ్చింది. అందులో అంపైర్‌కి గొంతు కూడా ఉంది. బొంగురుగా, గరగరలాడుతూ ఔట్ అని అరుస్తుంది. ఇంట్లో టీవీలో మాట్లాడే ఆట చూడటం అప్పటి పిల్లలకు ఎంత సంబరమో! 1983లో డాగ్లో, ఎడ్డీ డాంబ్రోవర్ కలిసి అదే యంత్రానికి మరో బేస్‌బాల్ తెచ్చారు. టీవీ ప్రసారంలోలాగా కెమెరా కోణాలు మారడం దాని ప్రత్యేకత. ఆ ఇద్దరే 1987లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కోసం ఎర్ల్ వీవర్ బేస్‌బాల్ చేశారు. వీవర్ బాల్టిమోర్ జట్టుకు మేనేజర్‌గా పనిచేశాడు. అంపైర్లతో గొడవపడి 90 సార్లకు పైగా మైదానం నుంచి గెంటించుకున్న మనిషి. ఆయన్ను కూర్చోబెట్టుకుని, ఎప్పుడు పిచర్‌ని మార్చాలి, ఎప్పుడు బేస్ దొంగిలించమని పంపాలి అని అడిగి, ఆ బుర్రను ప్రోగ్రాంగా మార్చారు. అది గొప్ప పని. వీవర్ మనసు తెలిసిన ఆట అన్న మాట దానికే చెల్లుతుంది.

నేను ఆడి చూసిన ఆ కాలపు ఆటలన్నిట్లో అంపైర్ ఒక బొమ్మ, ఒక అరుపు, అంతే. ఎందుకలా అన్నది టెస్టర్‌గా నాకు సులభంగా అర్థమైంది. మా పనిలో ప్రతి పరీక్షకూ రెండు గడులుంటాయి: ఏం రావాలి, ఏం వచ్చింది. రెండూ వేరైతేనే తప్పు. ఆ ఆటల్లో ఒక్క గడే ఉంది. ప్రోగ్రాం ముందు ఔటని తేల్చుకుంటుంది, తర్వాత దానికి తగ్గట్టు బొమ్మల్ని కదిలిస్తుంది. జరిగిందీ అంపైర్ చెప్పిందీ ఒకే చోట రాసి ఉంటుంది. పొలం దున్నేది ఒకరు, అడంగల్‌లో పేరు మరొకరిది అయినప్పుడే కదా తగాదా పుట్టేది. బంతి గ్లవ్‌లో ఏ క్షణాన పడింది, కాలు బేస్‌ను ఏ క్షణాన తాకింది అన్నవి విడిగా లెక్కకట్టే శక్తి యంత్రాలకు వచ్చాకే రెండో గడికి చోటు దొరికింది.

ఈలోగా మైదానంలో తప్పులు పెద్దవవుతున్నాయి. నిజానికి పెద్దవైంది తప్పు కాదు, దాన్ని చూసే కళ్ల సంఖ్య. 1985 అక్టోబర్ 26, వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 3-2తో సిరీస్‌లో ముందుంది, ఈ మ్యాచ్‌లో 1-0తో ముందుంది, మిగిలింది తొమ్మిదో ఇన్నింగ్స్‌లో చివరి సగం. కాన్సస్ సిటీ బ్యాటర్ హోర్హే ఓర్టా ఫస్ట్ బేస్ చేరేలోపే బంతి చేరింది. అంపైర్ డాన్ డెన్‌కింగర్ సేఫ్ అన్నాడు. కోట్లమంది ఇళ్లలో రీప్లే చూశారు. తీర్పు చెప్పిన ఆయనకు మాత్రం అది చూసే వీల్లేదు. కాన్సస్ సిటీ 2-1తో గెలిచింది, మర్నాడు 11-0తో గెలిచి కప్పు తీసుకుంది. డెన్‌కింగర్‌కి ఆ తర్వాత బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఒక్క తీర్పుతో సిరీస్ పోయిందనడం నాకు న్యాయంగా తోచదు. ఆ ఇన్నింగ్స్‌లో కార్డినల్స్ కూడా తడబడ్డారు, ఏడో మ్యాచ్ మొత్తం వాళ్ల చేతుల్లోనే ఉంది.

బేస్ దగ్గరి తప్పు కళ్లకు కనబడుతుంది. స్ట్రైక్ జోన్ తప్పు అంత తేలిగ్గా కనబడదు. హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బ్యాటర్ మోకాళ్ల కిందినుంచి ఛాతీ మధ్యదాకా ఎత్తు. ఆ ఊహా చట్రంలోంచి బంతి వెళితే స్ట్రైక్, బయట పోతే బాల్. ఎల్‌బీడబ్ల్యూలో బంతి ఎటు పోయేదో ఊహించాలి, ఇక్కడ పోయిన బంతి ఎక్కణ్నుంచి పోయిందో పోల్చుకోవాలి. అదీ మ్యాచ్‌కి వందకు పైగా సార్లు. 1997 అక్టోబర్ 12న నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ ఐదో మ్యాచ్‌లో అంపైర్ ఎరిక్ గ్రెగ్ ప్లేటుకు బాగా బయట పోయిన బంతుల్నీ స్ట్రైక్ అన్నాడు. ఫ్లోరిడా పిచర్ లివాన్ హెర్నాండెజ్ ఆ రోజు 15 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఓడిన అట్లాంటా జట్టు అభిమానులు ఇప్పటికీ మరిచిపోలేదు.

కెమెరాలతో బంతి దారిని కొలిచే పిచ్ ఎఫ్ఎక్స్ పద్ధతి 2006 ప్లేఆఫ్స్‌లో మొదలై, 2008 నాటికి మైదానాలన్నిటికీ చేరింది. ఆ సమాచారం అందరికీ అందుబాటులోకి రావడంతో అంపైర్ల తప్పులకు ఒక నడక ఉందని బయటపడింది. మూడు బాల్స్ పడి స్ట్రైక్ ఒక్కటీ లేనప్పుడు వాళ్ల జోన్ పెద్దదవుతుంది. రెండు స్ట్రైక్‌లు పడి బాల్ ఒక్కటీ లేనప్పుడు చిన్నదవుతుంది. తన నోటిమాటతో బ్యాటర్ కథ ముగించడానికి మనిషి వెనకాడతాడు. ఎడమచేతి బ్యాటర్‌కి బయటివైపు బంతిని ఎక్కువ ఉదారంగా స్ట్రైక్ ఇచ్చేవారు. హోసే మోలినాలాంటి క్యాచర్ గ్లవ్‌ను కదలకుండా పట్టి, అంచు బంతుల్ని స్ట్రైక్‌లుగా మార్పించేవాడు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ ఘట్టమే. తప్పుకు కారణాలు దొరికాయి కనుక తప్పును నిజాయితీగా అనుకరించడం సాధ్యమైంది. అంతకుముందు ప్రోగ్రామర్‌కి తెలిసింది పాచికలు వేయడమే: ఇన్ని బంతులకొకసారి తప్పు చెప్పు. అలా రాస్తే నడిబొడ్డున పడ్డ బంతిని కూడా అంపైర్ బాల్ అంటాడు, ఆడేవాడు కంట్రోలర్ విసిరేస్తాడు. అతని కోపం న్యాయం. మనిషి అలా పొరబడడు. మనిషి అంచుల్లో పొరబడతాడు. చట్రం మధ్యలో అనుమానం ఉండకూడదు, గీత దగ్గర సగానికి సగం ఉండాలి, గీత దాటేకొద్దీ తగ్గాలి. ఆ వంపు ఒక్కో అంపైర్‌కి కొంచెం కొంచెం వేరుగా ఉండాలి.

ఎంవీపీ బేస్‌బాల్ 2005 అనే ఆటలో మేనేజర్‌ని పంపి అంపైర్‌తో వాదించే వీలు పెట్టారు. వీవర్ పేరుతో ఆట వచ్చిన పద్దెనిమిదేళ్లకు! 2006లో మొదలైన సోనీవారి ఎంఎల్‌బీ ద షో సిరీస్‌లో అంపైర్ బాల్, స్ట్రైక్ తీర్పులు తు.చ. తప్పకుండా ఉండాలా, మనిషిలా ఉండాలా అన్నది మనమే ఎంచుకోవచ్చు. బేస్‌ల దగ్గరి తీర్పులకూ అంతే. మా అబ్బాయి రన్నర్‌ని ఔట్ చేసింది ఆ సెట్టింగే.

ఇక రీప్లే. మేజర్ లీగ్ 2008 ఆగస్టు 28న, హోమ్ రన్‌కి సంబంధించిన సందేహాలకు మాత్రమే వీడియో అనుమతించింది. అందుకే 2010లో గలారాగాకి అది అక్కరకు రాలేదు. క్రికెట్ అప్పటికే, 2009లో డీఆర్‌ఎస్‌ను అధికారికంగా మొదలుపెట్టింది. 2014లో బేస్‌బాల్ తలుపులు తెరిచింది. ఆ ఏడాది మేనేజర్‌కి ఒక చాలెంజ్ ఇచ్చారు, నెగ్గితే రెండోది. మైదానంలో అంపైర్లు హెడ్‌సెట్ పెట్టుకుంటే, న్యూయార్క్‌లోని గదిలో తెరల ముందు కూర్చున్న అంపైర్లు తేలుస్తారు. మొదటి ఏడాది సమీక్షించిన తీర్పుల్లో దాదాపు సగం తిరగబడ్డాయి.

మైదానంలో చాలెంజ్ వచ్చింది తప్పును తీసేయడానికి. వీడియో గేమ్‌లో అదే చాలెంజ్ పెట్టాలంటే ముందు తప్పు ఉండి తీరాలి. ఎన్నడూ పొరబడని అంపైర్ మీద చాలెంజ్ నొక్కితే వచ్చేదేముంది? ఆ బటన్ అలంకారం. కాబట్టి చాలెంజ్ ఉన్న ఆటలో తప్పు చెప్పే అంపైర్ ఐచ్ఛికం కాదు, అవసరం. ఇంకో చిక్కు కూడా ఉంది. నిజమైన సమీక్షలో మూడు జవాబులున్నాయి: తీర్పు సరైందే, తీర్పు తప్పు, తేల్చడానికి ఆధారం చాలదు కనుక మొదటి తీర్పే నిలుస్తుంది. కంప్యూటర్‌కి నిజం ఎప్పుడూ తెలుసు. మూడో జవాబు రావాలంటే దానికి మూడో గడి కావాలి: జరిగింది, అంపైర్ చెప్పింది, కెమెరాకి దొరికింది. ఫీల్డర్ ఒళ్లు అడ్డమొచ్చి కాలు కనబడకపోతే, తెలిసిన నిజాన్ని యంత్రం తనలోనే దాచుకోవాలి. అవతలి జట్టును నడిపే కంప్యూటర్ మేనేజర్ దగ్గరా దాచాలి. లేకపోతే అతను నెగ్గే చాలెంజ్‌లే చేస్తాడు, అది పోటీ కాదు, మోసం.

2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌లో బాల్, స్ట్రైక్‌లకూ యంత్రం ముందు అప్పీలు వచ్చింది. జట్టుకు రెండు చాలెంజ్‌లు, నెగ్గితే పోదు. బ్యాటర్, పిచర్, క్యాచర్ మాత్రమే తల తట్టి అడగాలి. డగౌట్ సాయం నిషిద్ధం. దక్షిణ కొరియా లీగ్ 2024లోనే మొత్తం జోన్‌ను యంత్రానికి అప్పగించింది. అమెరికా అలా చేయకుండా, అంపైర్ చేతిలోనే ఉంచి అప్పీలుకు వీలివ్వడం నాకు సరైన నిర్ణయమనిపిస్తుంది.

ఆటలు తయారుచేసేవాళ్లను నేను కోరేది ఒకటుంది. పాత జట్లను, పాత మైదానాలను, పాత యూనిఫారాలను ఎంతో శ్రమపడి మళ్లీ గీస్తున్నారు. ఆ ఏడాది అంపైరింగ్‌నీ వాటితోపాటు ఇవ్వండి. 1895 జట్లతో ఆడితే ఒక్క అంపైరే ఉండాలి, ఆయనకు వీపు వెనక ఏమీ కనబడకూడదు. 1997 జట్లతో ఆడితే స్ట్రైక్ జోన్ ఆ రోజు నిలబడ్డ మనిషిని బట్టి ఉండాలి. 2014 జట్లకు ఒక చాలెంజ్ ఇవ్వండి, 2026 జట్లకు తల తట్టే హక్కివ్వండి. 1985 అక్టోబర్ మ్యాచ్ ఆడేవాడికి మాత్రం చాలెంజ్ బటన్ ఇవ్వకండి.