ఆ లెక్కలో లేని ఆడమనిషి

మన మద్య చరిత్రలో తాగేవాడు ఎప్పుడూ మగవాడే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మకం ఆపించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిలో మొత్తం మద్యమే బంద్. 1997లో మద్యం మళ్ళీ వచ్చింది (సారా మాత్రం రాలేదు, కాగితం మీద). ప్రభుత్వమే మానలేకపోయింది, ఇక మనిషి సంగతి చెప్పాలా!

తాగే ఆడమనిషి ఈ కథలో ఎక్కడా లేదు. మా తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి లంకల దాకా, పొద్దంతా పనిచేసి సాయంత్రం ఓ చుక్క వేసుకునే ఆడకూలీలు కొత్త కాదు. అలాంటామెకు హెచ్.ఐ.వి. ఉంటే? 2004 ఏప్రిల్ నుంచి మనదేశంలో ఏఆర్‌టీ ఉచితం. కానీ ఆ మందు రోజూ వేసుకోవాలి. ఈ మందు తాగిన రాత్రి ఆ మందు తప్పిపోతుంది.

ఇలాంటి స్త్రీల కోసమే అమెరికాలో, మయామీ విశ్వవిద్యాలయంలో జోస్ సపోచ్నిక్ బృందం మినూచిన్ కుటుంబ చికిత్సను మలిచింది. ఆమెనొక్కదాన్నే కాదు, తల్లినీ పిల్లల్నీ కూచోబెట్టి మాట్లాడతారు. ఇంట్లో మత్తు వాడేవాళ్ళ నుంచి ఆమెను దూరం చేయడం కూడా అందులో భాగమే. నాకు అసలు విషయం ఇదే అనిపిస్తుంది. మనకి కౌన్సిలింగంటే ఎక్కువగా "సర్దుకుపోమ్మా" అనడమే కదా. భర్త పోయాక అత్తింటివాళ్ళు గెంటేసినామె ఏలూరు ఆసుపత్రికొస్తే, కుటుంబమని ఎవర్ని పిలిపిస్తారు? అక్కో, పక్కింటి పిన్నో, అదే వరసలో మందులకి నిలబడ్డ మరొకావిడో వస్తే, కుటుంబమన్న గడిలో వాళ్ళ పేర్లే రాసుకోవాలి.