రంగం నుంచి బీచ్ స్టేషన్ దాకా

గతవారం సంఘంలో టిఫిను దగ్గర ఒక మాట వచ్చింది. అత్తో తమిళవాళ్ళు బర్మా నుంచి తెచ్చిన తిండి, మన తెలుగువాళ్ళకీ దానికీ ఏం సంబంధం అని. అక్కడ రెండు మాటల్లో చెప్పడం కుదరలేదు, ఇక్కడ రాస్తున్నాం. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తప్పులుంటే సర్దుకోండి.

బర్మాకు మనవాళ్ళు ఎక్కిన పాత రేవుల్లో గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకటి. 1839 తుఫానులో ఆ రేవు పాడైపోయింది. పేరు మాత్రం సముద్రం దాటింది. రంగూన్‌లో తెలుగు కూలీలను కోరంగీలు అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల జనం రంగూన్‌ను "రంగం" అనేవారు. రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పని చేసింది ఎక్కువగా వీళ్ళే. 1930 మే నెలలో రేవు సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నదీ వీళ్ళే. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు ఇంటిదారి పట్టారు, చాలామంది అడవుల గుండా నడిచారు. ఎందరో దారిలోనే పోయారు.

యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళినవాళ్ళున్నారు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాత దుకాణాలు జాతీయం చేశారు, 1964లో 50, 100 చాట్ నోట్లు రద్దు చేశారు. కూడబెట్టినదంతా చాలావరకు అక్కడే వదిలి ఓడెక్కారు. మద్రాసులో దిగినవాళ్ళలో కొందరికి వ్యాసర్పాడి వైపు కాలనీలు వచ్చాయి, బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజారు వెలిసింది. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వచ్చిందే. అక్కడ నూడుల్స్‌తో చేసే ఖౌసుయ్ ఇప్పటికీ అమ్ముతారు. అంటే తమిళవాళ్ళు, తెలుగువాళ్ళు ఒకే ఓడల కాలంలో ఒకే తిండి మోసుకొచ్చారన్నమాట.

ఇక తిండి సంగతి. బర్మా భాషలో "అథోక్" అంటే కలిపినది. అదే మన నోట్లో అత్తో అయింది. లావు నూడుల్స్, సన్నగా తరిగిన కోసుకూర, ఉల్లిపాయ, వెల్లుల్లి వేయించిన నూనె, చింతపండు పులుసు, ఎండుమిరప పొడి, పైన నలిపిన బేజో. అన్నీ చేత్తోనే కలపాలి. గరిటెతో కలిపితే ఆ రుచి రాదని మా పట్టుదల. పక్కన అరటి దూట సూపు ఇస్తారు. మొయింగా అసలు బర్మాలో చేపల పులుసు, అందులోనూ అరటి దూట ఉంటుంది. ఇక్కడ చేప లేకుండా కూడా చేస్తారు. ఉడికిన గుడ్డు చీల్చి వేయించిన ఉల్లిపాయ, కారం, చింతపండు రసం పెట్టి ఇచ్చేది వేరే. సాయంత్రం ఆఫీసు వదిలాక రైలు వచ్చేలోపు రెండు గుడ్లు మింగని రైల్వే క్లర్కు మా కాలంలో అరుదు!

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. మన దోసె రంగూన్ వీధుల్లో "తోషే" అయింది, సమోసాను ముక్కలు చేసి కలిపి దాన్నీ ఒక థోక్ చేశారు. ఫిలిప్పీన్స్‌లో పాన్సిత్ అనే నూడుల్స్ కూడా చైనా వలసవాళ్ళ వెంట వెళ్ళినవే. ఇప్పుడు వాటిని ఊరికో రకంగా చేసుకుని ఎవరి ఊరిది వాళ్ళు గొప్ప అంటారు.

మాకున్న బెంగ ఒకటే. ఓడలో వచ్చినవాళ్ళకు ఇప్పుడు 70, 80 ఏళ్ళు. రంగంలో తెలుగు ఇళ్ళల్లో మొయింగా ఎలా వండారు, చేప వేశారా, శనగపిండి ఎంత అన్నది వాళ్ళకే తెలుసు. పిల్లలకు బండి మీద రుచి తప్ప ఇంటి రుచి తెలియదు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పెద్దవాళ్ళుంటే కింద రాయండి. మేమే నోటుపుస్తకం పట్టుకుని వస్తాం. అమ్మమ్మలు తమిళంలో చెప్పినా సరే, రాసుకుంటాం.