కాటాకు అందని బలం

2014 జనవరి. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మొబీల్ నగరం. లాడ్-పీబుల్స్ స్టేడియంలో గడ్డి అంచున నిలబడి ఉన్నావు. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో అట్ట, అట్టకు గుచ్చిన కాగితం. నీ చుట్టూ ఉన్నవాళ్ళూ నీలాంటి స్కౌట్‌లే. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి ముగించిన కుర్రాళ్ళని ఏటా ఇక్కడికి పిలిచి, వారమంతా సాధన చేయించి, చివర్లో ఒక మ్యాచ్ ఆడిస్తారు. దాన్ని సీనియర్ బౌల్ అంటారు. నీకు ఆ మ్యాచ్‌తో పెద్దగా పనిలేదు. నువ్వు వచ్చింది సాధన చూడటానికి. ఎవడు ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి పనికొస్తాడో తేల్చి రాయడం నీ ఉద్యోగం.

కాగితం మీద ఒక పేరు దగ్గర నీ వేలు ఆగింది. ఆరన్ డొనాల్డ్, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ, డిఫెన్సివ్ టాకిల్. పక్కన కొలతలు. ఎత్తు ఆరడుగులు. బరువు 290 పౌన్ల లోపే, అంటే దాదాపు 130 కిలోలు. బజార్లో ఎదురైతే తప్పుకుని దారి ఇస్తావు. ఇక్కడ మాత్రం అది తక్కువ బరువు. ఈ స్థానంలో ఆడేవాడు 300 పౌన్లు దాటాలని నీకు మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చారు.

ఎందుకు దాటాలో నీ కళ్ళెదుటే ఉంది. బంతి నేల మీద ఉంది. దాని మీదికి వంగి సెంటర్. అతనికి అటొక గార్డ్, ఇటొక గార్డ్, వాళ్ళకి ఆవల ఇద్దరు. ఆ అయిదుగురి వెనక క్వార్టర్‌బ్యాక్. డిఫెన్సివ్ టాకిల్ ఆ అయిదుగురికి ఎదురుగా, బంతి పొడవంత దూరంలో, చెయ్యి నేలకు ఆనించి వంగి ఉండాలి. బంతి కదలగానే ఒక్కోసారి ఇద్దరు కలిసి ఒక్కడి మీద పడతారు. డబుల్ టీమ్. 600 పౌన్లకు పైగా మాంసం, ఎముక ఒకేసారి వచ్చి గుద్దుతుంది. తేలికగా ఉన్నవాడు వెనక్కి కొట్టుకుపోతాడు. వాడు పోయిన చోట దారి తెరుచుకుంటుంది. ఆ దారిలోంచి బంతి పరుగెడుతుంది.

ఇప్పుడు ముఖాముఖి సాధన. ఒక గార్డ్, ఒక టాకిల్.

నువ్వు రెండడుగులు దగ్గరికి జరుగుతున్నావు. గార్డ్ 330 పౌన్లకు పైబడ్డవాడు. నిలబడితే డొనాల్డ్ తల అతని గడ్డం దగ్గరికి వస్తుంది. అందరి చూపూ అక్కడే.

బంతి కదిలింది.

డొనాల్డ్ పైకి లేవలేదు. వంగినవాడు వంగినట్టే ముందుకొచ్చాడు. గార్డ్ చేతులు చాచాడు. దొరకలేదు. ఒక దెబ్బ. చేతుల మీద. చటుక్కున. గార్డ్ నడుం తిరిగింది. డొనాల్డ్ లేడు. వెనక ఉన్నాడు.

స్టాప్‌వాచ్ నొక్కడం మర్చిపోయావు.

మళ్ళీ. ఈసారి గార్డ్ తొందరపడ్డాడు, ముందుకు తూలాడు. డొనాల్డ్ అతని ఛాతీ కిందికి దూరి పైకి లేపాడు. 330 పౌన్లు మడమల మీదికి ఒరిగాయి. నీకు వినపడేంత దగ్గర్లో గార్డ్ ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది.

పక్కనున్న పెద్దాయన, నీకంటే ఎంతో కాలం ముందు నుంచి ఈ పనిలో ఉన్నవాడు, నీ కాగితం వైపు చూశాడు. "ముచ్చట పడకు. ఇక్కడ ఒక్కడే ఎదురు. చుట్టూ బోలెడంత జాగా. ఆదివారం ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లో ఇద్దరొస్తారు, జాగా ఉండదు."

ఆయన తప్పు చెప్పలేదు. ఈ సాధన ఎప్పుడూ దూసుకెళ్ళేవాడి వైపే మొగ్గుతుంది. పెన్ను కాగితం మీద పెట్టి తీసేశావు. అప్పుడే రాయకు. రాత్రి పాత ఆటలు చూడాలి.

హోటల్ గదిలో ల్యాప్‌టాప్ తెరిచావు. 2013 సీజన్ లెక్క ముందు కనిపించింది. బంతి పట్టినవాణ్ణి, ఆట మొదలైన గీతకు వెనకే పడగొట్టినవి 28.5. ఆ అర ఎక్కడిదంటే, ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం రాస్తారు. క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టినవి, అంటే శాక్‌లు, 11. ఆ లెక్కల్ని పక్కన పెట్టు. అవి ఏం జరిగిందో చెబుతాయి గానీ ఎలా జరిగిందో చెప్పవు.

జార్జియా టెక్‌తో ఆడిన ఆట పెట్టావు. ఆ జట్టు ఆ సీజన్‌లో పదే పదే పరుగు మీదే ఆడింది. వాళ్ళ ముందువరసవాళ్ళు, లైన్‌మెన్, ఎదుటివాడి మోకాళ్ళ మీదికి దూకుతారు. పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు అక్కడ దుంగల్లా కూలుతారు. డొనాల్డ్ మాత్రం తన కాళ్ళ మీదికి వచ్చినవాడి వీపు మీద అరచెయ్యి ఆనించి, వాణ్ణి నేలకు నొక్కి, దాటుకుని వెళ్తున్నాడు. ఒక్క ఆటలో ఆరుసార్లు గీత వెనకే పట్టాడు. అయినా పిట్స్‌బర్గ్ ఓడింది.

ఇప్పుడు నువ్వు వెతుకుతున్నది డబుల్ టీమ్. దొరికింది. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూడు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి ఇద్దరు పట్టుకున్నాక, వాడు గీత వైపు ఎలా వంగి, ఏ భుజం మీద విరుచుకుపడతాడో నీకు తెలుసు కదా. ఇక్కడా అదే. ఇద్దరూ తాకే క్షణానికి ముందే డొనాల్డ్ ఒక భుజం తిప్పాడు. ఒక మోకాలు దాదాపు నేలకు తగిలింది. ఇద్దరి బలమూ ఒకే వైపు నుంచి తగిలేలా చేసుకున్నాడు. వెనక్కి పోలేదు. ముందుకూ పోలేదు. గోడ అక్కడే ఆగింది. దారి తెరుచుకోలేదు.

ఇంకో ఆట. ఇక్కడ కొట్టుకుపోయాడు, మూడు గజాలు. అదీ రాయాలి. ఎన్నిసార్లు నిలిచాడు, ఎన్నిసార్లు పోయాడు, నాలుగో క్వార్టర్‌లో కాళ్ళు బరువెక్కాక ఏమయ్యాడు?

నిద్ర రావడం లేదు. జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1990లో డిఫెన్సివ్ టాకిల్ జాన్ రాండిల్‌ని ఎవరూ తీసుకోలేదు. చిన్నవాడన్నారు. మిన్నెసోటా వైకింగ్స్ ఊరికే దొరికినట్టు తీసుకుంది. 137.5 శాక్‌లు, 2010లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆ పేరు తలచుకుంటే ధైర్యం వస్తుంది. కానీ కాలేజీలో మెరిసి ఇక్కడ నలిగిపోయిన చిన్న టాకిల్‌ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. నీకు గుర్తుండాలి. జీతం అందుకే ఇస్తున్నారు.

ఫిబ్రవరి. ఇండియానాపొలిస్, కంబైన్. ఇక్కడ అన్నీ కొలుస్తారు. 285 పౌన్లు. 40 గజాల పరుగు 4.68 సెకన్లు. 225 పౌన్ల బార్‌ని 35 సార్లు ఎత్తాడు. చేతి పొడవు 32⅝ అంగుళాలు. చెయ్యి కొలవడం ఎందుకని అడగొచ్చు. ఎవరి చెయ్యి ముందు ఎదుటివాడి ఛాతీని అందుకుంటే, వాడే రెండోవాణ్ణి నడిపిస్తాడు. పొట్టివాడికి పొట్టి చేతులు కూడా ఉంటే బతకడం కష్టం. డొనాల్డ్ చేతులు అతని ఎత్తుకు పొడవైనవే. నీ భయాల్లో ఒకటి తగ్గింది.

మే 8, రాత్రి. డ్రాఫ్ట్ వేదిక న్యూయార్క్‌లో. నువ్వు మీ జట్టు ఆఫీసులో, గోడంతా పేర్ల పట్టీలున్న గదిలో ఉన్నావు. ఒక్కో ఎంపికకు పది నిమిషాలు. మీ వంతు ఇంకా చాలా దూరం. మొదటి వంతులో క్లౌనీ అనే ఆటగాడు వెళ్ళాడు. రెండోది సెయింట్ లూయిస్ రామ్స్, గ్రెగ్ రాబిన్సన్‌ని తీసుకుంది. 13వ వంతు కూడా వాళ్ళదే. అయిదోది ఖలీల్ మ్యాక్. ఆరు. ఏడు. ఎనిమిది. డొనాల్డ్ పట్టీ గోడ మీదే ఉంది.

12. ఒడెల్ బెకమ్.

డైరెక్టర్ నీ వైపు తిరిగాడు. చేతిలో ఫోన్. "వాడింకా ఉన్నాడు. మన వంతు పైకి జరపాలంటే రెండో రౌండ్ ఎంపిక వదులుకోవాలి. నువ్వు చూశావు. చెప్పు."

నోరు ఎండిపోయింది.

"డబుల్ టీమ్‌లో నిలబడతాడా?"

"నిలబడతాడు."

"ప్రతిసారీ?"

ప్రతిసారీ కాదు. నీకు తెలుసు. 300 పౌన్లవాడు కూడా ప్రతిసారీ నిలబడడు. అది చెప్పు. ఇప్పుడే చెప్పు. ఆయన నీ నివేదిక చివరి వాక్యం చదువుతున్నాడు. బరువు గురించి రాసిన వాక్యం. గడియారం నడుస్తోంది. నోరు తెరిచావు.

తెర మీద పేరు పడింది. రామ్స్. ఆరన్ డొనాల్డ్.

ఆ తర్వాతివి నీకూ తెలుసు, లోకానికీ తెలుసు. 2017, 2018, 2020 సంవత్సరాల్లో లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆఖరి నిమిషంలో ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ జో బరోని పట్టి తిప్పేసి, బంతి గాలిలో వృథా అయ్యేలా చేసింది అతనే.

2023 మార్చి. మళ్ళీ ఇండియానాపొలిస్. మళ్ళీ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ. కలైజా కాన్సీ, 281 పౌన్లు, 4.67 సెకన్లు. గది నిండా ఒకటే మాట: "ఇంకో డొనాల్డ్."

జాగ్రత్త. అప్పుడు కాటా భయపెట్టింది. ఇప్పుడు పేరు మురిపిస్తోంది. రెండూ నిన్ను ఆట చూడనివ్వవు. ఇతని చేతి పొడవు 30⅝ అంగుళాలు. సరిగ్గా రెండు అంగుళాలు తక్కువ. ఆ రెండంగుళాల్లో గార్డ్ అరచెయ్యి ముందు తగులుతుంది. తగిలాక ఏం చేస్తున్నాడు? ల్యాప్‌టాప్ తెరువు. శాక్‌లు వద్దు. పరుగు ఆపాల్సిన ఆటలు పెట్టు. మొదటి అడుగుతోనే గార్డ్ భుజం దాటేస్తే చెయ్యి పొడవుతో పనిలేదు. దాటలేకపోతే ఇరుక్కుంటున్నాడు. ఇరుక్కున్నప్పుడు విడిపించుకుంటున్నాడా, ఆగిపోతున్నాడా?

చూశావు. తేలింది. ఇక అడగాల్సింది ఇతన్ని కాదు. లేచి డిఫెన్సివ్ లైన్ కోచ్ గదికి నడువు. గార్డ్ బయటి భుజం ఎదుట నిలబెట్టి, లైన్‌మెన్ మధ్య ఒకే ఒక్క సందు కాచే పని అప్పజెప్పగలరా అని అడుగు. అవునంటే మొదటి రౌండ్‌లోనే రాసెయ్. రెండు సందులూ కాచి ఇద్దర్ని మోయాలంటే, ఎంత వేగం ఉన్నా మన జట్టుకు వద్దు. ఈసారి ఎవరూ అడక్కముందే, గట్టిగా చెప్పు.