ఈగ రెక్క మీద కన్ను

పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కొన్ని కళ్లు లేకుండానో, మరీ చిన్న కళ్లతోనో పుట్టడాన్ని 1915లో అమెరికా జీవశాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ హోగ్ వర్ణించారు. ఈ లోపానికి కారణమైన జన్యువు పేరు ‘ఐలెస్’. దానికీ మనిషి చూపుకూ ముడి ఉందని తేలడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

ఎలుకల్లో కథ వేరే దారిన నడిచింది. ‘స్మాల్ ఐ’ ఎలుకలకు లోపం ఒకవైపు నుంచి వస్తే కళ్లు చిన్నవవుతాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే కళ్లూ ముక్కూ ఏర్పడవు, పిల్ల బతకదు. 1991లో ఆ లోపం ఉన్న జన్యువు పాక్స్6 అని తేలింది. కనుపాప చుట్టూ రంగు పొర లేకుండా పుట్టే మనుషుల్లో సాధారణంగా దెబ్బతినేదీ ఇదే.

ఎలుకలు, మనుషుల పిండంలో కన్ను ఏర్పడేటప్పుడు మెదడు నుంచి రెండు బుడగలు ఉబ్బి పైపొరను తాకుతాయి. తాకిన చోట పొర మందమై, లోపలికి ముడుచుకుని కటకమవుతుంది. బుడగ గిన్నెలా కుంగి రెటీనా అవుతుంది. పైపొరలో పాక్స్6 లేకపోతే కటకం పుట్టదు. ఆర్‌ఎక్స్ జన్యువు లేకపోతే బుడగే రాదు.

1994లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గెరింగ్ బృందం ఐలెస్, పాక్స్6 ఒకే వంశపు జన్యువులని చూపింది. మరుసటి ఏడాది ఐలెస్‌ను ఈగ రెక్కల్లో, కాళ్లలో పనిచేయిస్తే అక్కడ కళ్లు మొలిచాయి. ఎలుక జన్యువు పెట్టినా మొలిచాయి, అయితే అవి ఈగ కళ్లే! ఇంత అద్భుతమైన ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదు.

అయినా పాక్స్6 ఒక్కటే కంటికి యజమాని అనడం తొందరపాటు. అది లేని ఎలుక పిండంలోనూ బుడగలు మొదలవుతాయి.