ఇంజనే గుదిబండ అయిన కారు

పాత కారు కొనబోయేవాళ్లు బానెట్ ఎత్తగానే మెకానిక్‌ని అడిగే మొదటి మాట, 'ఇంజన్ బోరుకొచ్చిందా?' అని. 1970ల జర్మనీలో ఒక కారు దగ్గర ఆ ప్రశ్నకు చోటే లేదు. దాని ఇంజన్‌లో పిస్టన్లు లేవు, అవి ఆడే బోరూ లేదు. ఇంజన్ భయం మాత్రం కొండంత ఉండేది.

ఆ కారు ఎన్ఎస్‌యూ రో 80. అల్లిక యంత్రాలతో మొదలై, సైకిళ్లు, మోటార్ సైకిళ్ల మీదుగా కార్లకొచ్చిన నెకర్‌జుల్మ్ పట్టణపు కంపెనీ 1967లో దాన్ని విడుదల చేసింది. క్లాస్ లూథే తీర్చిన ఒంపులు ఇవాళ్టికీ పాతబడలేదు. కాలేజీ డిగ్రీ లేని ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన రోటరీ ఇంజన్ దాని గుండె. మూడు మూలల రోటర్లు రెండు గిర్రున తిరుగుతూ, లీటరు కూడా లేని ఇంజన్ నుంచి 115 హార్స్‌పవర్ తీసేవి. 1968లో ఐరోపా పాత్రికేయులు దాన్నే 'కార్ ఆఫ్ ది ఇయర్'గా ఎన్నుకున్నారు. ఒక జర్మన్ కారుకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

చిక్కంతా రోటర్ మూలల్లో ఉన్న సీళ్లది. మామూలు ఇంజన్‌లో పిస్టన్ రింగులు చేసే పని ఇక్కడ వాటిది. ఒక్కో సీలు మూడు ముక్కలు. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసినప్పుడల్లా మధ్య ముక్క ఎక్కువగా అరిగేది. అది అరిగితే పక్కవి కదిలేవి, మండిన వాయువు సందుల్లోంచి జారిపోయేది. చాలా ఇంజన్లు 50 వేల కిలోమీటర్లు తిరక్కముందే చేతులెత్తేశాయి.

కంపెనీ వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చి ఇచ్చింది. రో 80 నడిపేవాళ్లు దారిలో ఎదురుపడితే, ఎన్నో ఇంజన్ నడుస్తోందో వేళ్లెత్తి చూపుకునేవారని చెబుతారు. ఆ ఖర్చు కింద నలిగిన ఎన్ఎస్‌యూ 1969లో ఫోక్స్‌వ్యాగన్ గూటికి చేరి, ఆటో యూనియన్‌తో కలిసిపోయింది.

అసలు దెబ్బ రెండో యజమాని దగ్గర తగిలింది. మొదటివాడికి వారంటీ అండ ఉంది. పాత బండి కొనేవాడికి ఏముంది? ఇంజన్ పోతే కొత్తదాని ఖర్చంతా అతని నెత్తినే. పాత రో 80 ధర పాతాళానికి పడిపోయింది. కొందరు రోటరీని పీకేసి, పొట్టిగా ఉండి ఆ చోట ఇమిడే ఫోర్డ్ వీ4 ఇంజన్ బిగించుకున్నారు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ సరిగ్గా 1970లోనే పాత కార్ల సంతపై తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. మంచి బండేదో, చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ ఒకే తక్కువ ధర కడతాడు. దాంతో మంచి బండి ఉన్నవాడు అమ్మడమే మానేస్తాడు. 2001లో ఆయనకు నోబెల్ తెచ్చిన పరిశోధనలో ఇదే తలమానికం. రో 80 కథ ఆ సూత్రానికి అచ్చమైన ఉదాహరణ. సీలు మధ్య ముక్కను గట్టి లోహంతో మార్చాక అరుగుడు జబ్బు నయమైంది. అయినా నయమైన బండ్లు కూడా పాత అపకీర్తికే పన్ను కట్టాయి. ఇది ఆ ఇంజన్‌కు జరిగిన అన్యాయమే.

1977లో చివరి రో 80 బయటికొచ్చేసరికి మొత్తం తయారైనవి సుమారు 37,400. ఇప్పుడు వాటిని సేకరించేవాళ్లు వెతికేది ఫోర్డ్ ఇంజన్ బండ్లను కాదు, ఒకప్పుడు అందరూ భయపడ్డ ఆ రోటరీ ఉన్నవాటినే.