రక్తంలో ఆక్సిజన్ స్థాయి

రక్తంలో ఆక్సిజన్ స్థాయి అంటే ధమనుల రక్తం మోసుకెళ్లే ప్రాణవాయువు మోతాదు. దీనిలో దాదాపు 98 శాతం ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుని ప్రయాణిస్తుంది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువు 4 ఆక్సిజన్ అణువులను పట్టుకుంటుంది. కణాలు ఆహారం నుంచి శక్తిని రాబట్టుకునేది ఈ ఆక్సిజన్‌తోనే. ఆరోగ్యవంతుల్లో సంతృప్తత, అంటే ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ వాటా, సాధారణంగా 95–100 శాతం. 90 కన్నా తగ్గడం ప్రమాద సూచన. మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి.

ఈ సంతృప్తతను కొలిచే పల్స్ ఆక్సీమీటర్ సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి వెల్లడించారు. వేలికి పెట్టే క్లిప్పు ఎరుపు, పరారుణ కాంతులను పంపి, ఆక్సిజన్ ఉన్న, లేని హిమోగ్లోబిన్ ఎంతెంత పీల్చుకున్నాయో పోల్చి శాతం చూపుతుంది. గోళ్ల రంగు, చల్లబడ్డ వేళ్ల వల్ల అంకె తప్పుగా రావచ్చు. కోవిడ్ కాలంలో ఈ పరికరం తెలుగు ఇళ్లలోకీ చేరింది. 94 కన్నా తగ్గితే వైద్యుణ్ణి సంప్రదించాలన్నది అప్పటి సూచన.

ఆక్సీమీటర్ చూపే అంకె హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ఇది చాలా ముఖ్యమైన పరిమితి. రక్తహీనత ఉన్నవారిలో సంతృప్తత 98 ఉన్నా కణాలకు అందే ఆక్సిజన్ తక్కువే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు.