సొరంగపుఁ గప్పు

సొరంగమను తెలుఁగుమాట సంస్కృతమందలి సురంగాశబ్దమునకు వికృతి. కౌటిల్యుని యర్థశాస్త్రమున నీ పదము సురుంగారూపమునఁ గానవచ్చుచున్నది. భారతమున లక్కయింటనుండి పాండవులను దప్పించుటకై విదురుఁడు పంపినవాఁడు ఖనకుఁడు. త్రవ్వువాఁడెల్ల ఖనకుఁడు కాఁడు. త్రవ్వుటయందు నేర్పు గలవానికే వ్యాకరణమున నా శబ్దము సిద్ధించును. ఆ నేర్పులో సగము తలపైని కప్పు నెఱుఁగుటయే. దీనికి నాగరుకర్నూలు జిల్లాయందలి యమ్రాబాదు కొండలు కఠినోదాహరణమైనవి.

శ్రీశైలజలాశయపు నీటిని, ఎత్తిపోయకయే, నల్లగొండసీమకుఁ బాఱించుటకై యీ కొండలక్రింద నించుమించు 44 కిలోమీటర్ల సొరంగము సంకల్పింపఁబడెను. 2005లో నొడంబడిక జరిగినది. దోమలపెంటవద్ద ప్రవేశము, మన్నెవారిపల్లెవద్ద నిర్గమము; రెండు దెసలనుండియు యంత్రములు త్రవ్వుకొని వచ్చినవి. పైన పులుల యభయారణ్య మున్నందున నడుమ బావులు దింపుట కవకాశము లేకపోయెను. ఇచ్చట క్వార్ట్‌జైటను ఱాయి ప్రధానము. అది మిక్కిలి గట్టిదే. కాని పగుళ్లును, నడుమనడుమ మెత్తని పలకఱాతిపొరలును గలది. పగుళ్లలో నీరు నిలిచి పలకఱాయి నానినచో గట్టిఱాతికిని బట్టు తప్పును.

2025 ఫిబ్రవరి 22వ తేదీ యుదయమున, దోమలపెంటనుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల, కాంక్రీటు పలకలు జాఱి కప్పు కూలెను. నీరును బురదయు వెల్లువయై యంత్రమును గప్పివేసెను. పెక్కండ్రు బయటఁబడిరి, ఝార్ఖండు, ఉత్తరప్రదేశము, పంజాబు, జమ్మూకాశ్మీరములనుండి వచ్చిన యెనమండుగురు చిక్కువడిరి. సైన్యమును, జాతీయ విపత్తుదళమును, సింగరేణి రక్షకులును వెదకిరి. మార్చిలో నిద్దఱి దేహములు దొరకెను. ఏప్రిలులో వెదకులాట నిలుచునాఁటికిఁ దక్కిన యాఱుగురి జాడ తెలియలేదు.

సింగరేణివారిని రప్పించుట యాదృచ్ఛికము కాదు. ఇల్లెందుప్రాంతమున 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడు కింగుదొర బొగ్గును గనుఁగొనెను. 1889లోఁ ద్రవ్వకము మొదలయ్యెను. బొగ్గుబావిలోఁ గప్పును దట్టి చూచుట నిత్యకృత్యము. ఖంగుమన్నచో నమ్ముదురు, బోలుగా మ్రోఁగినచో విఱిచి దింపుదురు, లేదా పోటు పెట్టుదురు. పూర్వము కఱ్ఱదుంగలు పోటు పెట్టఁగా, నేఁడు ఇనుపబోల్టులతోఁ బొరలను గుట్టుచున్నారు.

యంత్రసొరంగమున నట్టి పరీక్షకుఁ జోటు తక్కువ. త్రవ్వినవెంటనే కాంక్రీటు పలకలు ఱాతిని మఱుగుపఱచును. కావున ముందుగాఁ బొడిచి చూచు రంధ్రములే యచ్చటి చెవులు. ప్రమాదానంతరము, 2025 నవంబరులో, హెలికాప్టరునుండి విద్యుదయస్కాంతపరీక్ష సాగించి కొండ గర్భమును దెలిసికొన యత్నించిరి. ఈ యెఱుక త్రవ్వకమునకుఁ బూర్వాంగము కావలసినదే కాని యుత్తరక్రియ కారాదు. ఖనకశబ్దము యంత్రమునకుఁ జెల్లదు. ఎఱిఁగి త్రవ్వించువానికే చెల్లును.